స్టేడియాలు నిండని కంట్రీ పాటల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం మీరు అమెరికా కంట్రీ మ్యూజిక్ మీద వేసిన పేజీ చూశాను, బానే ఉంది గానీ అందులో పేర్లన్నీ స్టేడియాలు నింపేవాళ్ళవే, మా ఎంవీపీ కాలనీలో ఇంటర్ పిల్లల్ని అడిగినా గడగడా చెప్పేస్తారు. దానికి అంత పేజీ ఎందుకండీ? పెద్దగా ఖర్చు లేకుండా, ఉన్నది ఉన్నట్టు రికార్డు చేసిన ఆల్బమ్స్ బోలెడున్నాయి, నన్నడిగితే మన చెవులకి అవే తొందరగా ఎక్కుతాయి.

ఎలిజబెత్ కాటెన్ అనే అమెరికా జానపద గాయని ఆల్బమ్ 1958లో వచ్చింది. ఆవిడది ఎడమచేతి వాటం, మామూలు గిటార్నే తిరగేసి పట్టుకునేది, దాంతో లావు తీగలు వేళ్ళతోటి, అసలు ట్యూన్ బొటనవేలుతోటి వాయించాల్సొచ్చేది, ఇప్పటికీ గిటార్ నేర్చుకునేవాళ్ళు ఆ స్టైల్‌ని ఆవిడ పేరుతోనే పిలుస్తారు. సీగర్ అనే సంగీతం కుటుంబంలో ఇంటిపని చేస్తుండగా ఆవిడ గిటార్ వాయిస్తుందన్న సంగతి బయటపడింది, ఫస్ట్ ఆల్బమ్ వచ్చేసరికి అరవై దాటేసింది, గ్రామీ అవార్డు తొంభై దాటాక! చిన్నప్పుడే కట్టిన గూడ్సు బండి పాట కూడా అందులోనే ఉంది, రైలు పట్టాల పక్కనుండే మన కంచరపాలెం వాళ్ళకి బాగా నచ్చుద్ది.

తర్వాత ఐరిస్ డిమెంట్, 'ఇన్‌ఫేమస్ ఏంజెల్', 1992. పద్నాలుగు మంది పిల్లల్లో ఆఖరిది ఈవిడ. గొంతు సన్నగా, కొంచెం ముక్కుతో పాడినట్టుంటుంది, మా ఇంట్లో ఫస్ట్ విని ఆపేయమన్నారు కూడా. కానీ చివరి పాట దాకా ఉండండి, అది వాళ్ళమ్మ పాడింది. చర్చి పాట, ఏ నగిషీలూ లేకుండా, మన ఊళ్ళో రామకోవెల భజనలో ముసలమ్మ అందుకున్నట్టు గొంతెత్తి పాడేస్తుంది, కూతురు వెనకాల తగ్గి పాడుద్ది. ఆ ఒక్క పాట కోసం ఆల్బమ్ మొత్తం వినొచ్చు.

అంకుల్ టుపెలో అనే బ్యాండు 1992 మార్చిలో ఐదే ఐదు రోజుల్లో ఒక ఆల్బమ్ చేసేసింది, టైటిల్ కూడా ఆ తారీఖులే, ఆర్.ఈ.ఎమ్. అనే రాక్ బ్యాండు గిటారిస్టు పీటర్ బక్ దగ్గరుండి చేయించాడు. రేడియోల నిండా కరెంటు గిటార్ల హోరు నడుస్తున్న రోజుల్లో వీళ్ళేమో అవన్నీ పక్కనపెట్టి బొగ్గుగని కార్మికుల పాత పాటలు పాడుకున్నారు. స్టీల్ ప్లాంట్ ఏరియాలో యూనియన్ పాటలు విన్నోళ్ళకి ఆ పాటల్లోని కోపం కొత్తేం కాదు. 1994లో విడిపోయి ఒకరు విల్కో, ఇంకొకరు సన్ వోల్ట్ పెట్టుకున్నారు, విల్కో పేరు చాలామందికి తెలుసు గానీ ఇది వినరు, అదే బాధ.

టౌన్స్ వాన్ జాంట్ 1973లో హ్యూస్టన్‌లో చిన్న బార్లో ఒక్కడే గిటార్ పట్టుకుని పాడిన ఆల్బమ్ కూడా ఉంది, మధ్యలో గ్లాసుల చప్పుడు, జనం నవ్వులు అన్నీ వినిపిస్తాయి. బాగా పొడుగు, ఒకేసారి వింటే దిగులొచ్చేస్తుంది, రోజుకి నాలుగు పాటలు చాలు.

ఇంకో మాట, ఇదే పేజీలో మన ఉత్తరాంధ్ర జానపద కళలు జముకుల కథ, తప్పెటగుళ్ళకి కూడా చోటివ్వండి. జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు గారు 2020లో పోయారు, ఆయన సొంత గొంతుతో ఉన్న రికార్డింగులు ఏవేవి, ఎక్కడ దొరుకుతాయో వరసగా వేస్తే కత్తిరించి దాచుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం