ప్రేమ నవలలపై తొలి ప్రచురణ సంవత్సరం వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 1960, 70 దశకాల్లో వచ్చిన ప్రేమ నవలలు మధ్యతరగతి ఆడపిల్లలకు కారు, మేడ, ఆరడుగుల అందగాడు అనే పగటికలలను పంచిపెట్టాయని, వాటిని ఇప్పుడు మళ్ళీ అచ్చు వేయడం కాగితం దండగ అని మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. ఏళ్ల తరబడి ప్రేమ నవలలు ఇష్టపడి చదువుతున్న పాఠకురాలిని నేను. గడిచిన ఆషాఢమంతా ఆ కాలపు తెలుగు నవలలనూ, వాటికి తోడుగా రెండు ఇంగ్లీషు నవలలనూ చదివాను కనుక, ఆ వ్యాసం విషయంలో నాలుగు మాటలు రాయాలనిపించింది. కొత్త దంపతులను పుట్టింటికి, అత్తింటికి విడదీసే నెలలో ఈ చదువేమిటని మా ఇంట్లో నవ్వారు గానీ, ఎడబాటు లేకుండా ప్రేమకథ ఎక్కడ నడిచింది?

ప్రేమ నవల పెళ్ళితో ముగుస్తుందని మొదటి పేజీ తెరవకముందే మాకు తెలుసు. అది తెలిసే చదువుతాం. వాళ్ళిద్దరూ ఒకటవుతారా అన్నది మాకు ప్రశ్న కాదు. ఇంతకాలం ఎందుకు కాలేదన్నదే ప్రశ్న. విమర్శకులు మాత్రం ముగింపును చూసి తూకం వేస్తారు. దేవదాసు పార్వతి గుమ్మం ముందు ప్రాణం విడిచాడు కాబట్టి ఆ కథ సాహిత్యమైంది. అతడే ధైర్యం చేసి ఆమెను పెళ్ళాడి ఉంటే ఆ పుస్తకం అద్దె లైబ్రరీలో అట్ట చిరిగిన నవలల మధ్య ఉండేదని నా అనుమానం.

ఈ నెల చదువులో నేను ప్రధానంగా చూసింది, వాళ్ళిద్దరినీ ఒకటి కానివ్వని ఆ అడ్డంకినే. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో రాజశేఖరానికి డబ్బుంది, హోదా ఉంది. జయంతికి ఉన్నది అతని దగ్గర సెక్రటరీ ఉద్యోగం, దానితోపాటు ఎవరి ముందూ వంచని అభిమానం. మొదటిసారి చదివినప్పుడు, అందరు చదువరులలాగే నేనూ రాజశేఖరం కోసమే పేజీలు తిప్పాను. ఈసారి జయంతి ‘వద్దు’ అన్న చోటల్లా ఆగి చూశాను. ఒక మనిషి చేసే సాయం ఎంతవరకు సాయం, ఎక్కడి నుంచి కొనుగోలు అన్నదే ఆమెకున్న భయం. ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండబట్టే ఆమె అంతగా వెనక్కి తగ్గుతుంది.

దీన్ని ఒట్టి మంకుతనం అనేవారు ఆనాటి చట్టం ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఇచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఇవ్వలేదు. ఆ హక్కు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. అది కూడా ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించలేదు. దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, కట్నం ఎంత ఆగిందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అంటే 1960లలో ఒక మధ్యతరగతి అమ్మాయికి చాలా ఇళ్ళలో తనదంటూ ఉన్నది నెల జీతం ఒక్కటే. ఆ జీతం ఇచ్చేవాడే ప్రేమిస్తున్నానంటే, ఆ ప్రేమను ఒప్పుకున్న మరుక్షణం తన కాళ్ళ కింది నేల కూడా అతనిదే అవుతుందన్న ఆలోచన ఆమెకు రాకుండా ఎలా ఉంటుంది? ‘ప్రేమనగర్’ సినిమాలోనూ వాణిశ్రీ పాత్ర నాగేశ్వరరావు పాత్ర దగ్గర సెక్రటరీయే. 1971లో ఆ సినిమా తీసిన నిర్మాత, దర్శకులే 1976లో అదే జంటతో ‘సెక్రటరీ’ తీశారు. జమీందారుల అబ్బాయి, జీతం మీద బతికే అమ్మాయి అన్న కథను జనం అన్నిసార్లు చూశారంటే, అందులో మేడ మోజు ఒక్కటే లేదని నా నమ్మకం.

ఇది మన దగ్గరే పుట్టిన సంగతి కూడా కాదు. 1847లో వచ్చిన ఇంగ్లీషు నవల ‘జేన్ ఐర్’లో నాయిక, రోచెస్టర్ ఇంట్లో పిల్లకు చదువు చెప్పే జీతగత్తె. చివరికి ఆమె అతని దగ్గరకు తిరిగి వచ్చేది చినతండ్రి వదిలిపోయిన ఇరవై వేల పౌండ్లను ముగ్గురు బంధువులతో సమానంగా పంచుకొని, తన వంతు ఐదు వేలు చేతిలో ఉన్నాకనే. నువ్వు కాదంటే నీ గడప పక్కనే సొంత ఇల్లు కట్టుకుంటానని అతనితో అనగలిగిన పిల్ల ఆమె. అయితే అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సొమ్ము భర్తకే చెందేది. ఆ పరిస్థితి 1870, 1882 చట్టాలతో గాని మారలేదు. ఈ ముక్క తెలిశాక ఆ సుఖాంతం అంత తేలిగ్గా మింగుడుపడదు. నేను చదివిన రెండో ఇంగ్లీషు నవల ‘పర్స్యుయేషన్’లో ఇదే లెక్క తిరగబడుతుంది. ఆస్తి లేని నౌకాదళ యువకుణ్ణి పెద్దల మాట విని కాదన్న ఆన్, ఎనిమిదేళ్ల తర్వాత అతను పాతిక వేల పౌండ్లతో తిరిగొచ్చేసరికి ఇరవై ఏడేళ్ల వయసులో తండ్రి ఇంట్లో లెక్కలోకి రాని మనిషిగా మిగిలి ఉంటుంది. ఈ నెలలో నాకు అన్నిటికన్నా నచ్చిన పుస్తకం అదే.

మన సీరియల్ నవలల లోపాలను నేను దాచడం లేదు. ఒక్క మాటతో తీరిపోయే అపార్థాన్ని పత్రికలో వచ్చే సంచిక కోసం సాగదీశారు. నాయికకు పోటీగా వచ్చే డబ్బున్న అమ్మాయికి మంచి గుణం ఒక్కటి కూడా ఇవ్వలేదు. హీరో అహంకారాన్ని ప్రేమ అని మురిసిపోయారు. చాలా కథల్లో పెళ్ళి కుదిరాక ఆ ఉద్యోగం ఏమైందో రచయిత్రికి గుర్తే ఉండదు. అన్ని పేజీలు నడిచిన వాదన అక్కడ గాలికి పోతుంది. ఇప్పుడు ఫోన్లలో వస్తున్న సీరియళ్ళు కూడా కొన్ని చూశాను. అమ్మాయికి సాఫ్ట్‌వేర్ జీతం, చట్టప్రకారం వాటా రెండూ ఉన్నాయి కాబట్టి కాబోలు, అడ్డంకి కోసం రచయితలు ఏడాది ఒప్పందం మీద పెళ్ళి అనే కొత్త ఏర్పాటు కనిపెట్టారు. అవి నాకు పెద్దగా పట్టుబడలేదు.

నా విన్నపం చిన్నది. పాత నవలల కొత్త ముద్రణలు నేను చదివినవాటిలో చాలావాటిపై ఆ ముద్రణ సంవత్సరమే ఉంది. కథ మొదట ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో వచ్చిందో, ఆ సీరియల్‌కు బొమ్మలు ఎవరు వేశారో లేదు. నాయిక 1965 మనిషో 1988 మనిషో తెలియకపోతే, ఆమె అభిమానం ఈనాటి పాఠకులకు చాదస్తంగా కనబడుతుంది, రచయిత్రికి పగటికలల వ్యాపారి అన్న పేరు మిగులుతుంది. సులోచనారాణి గారు 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆ తరం రచయిత్రులలో ఇంకా మన మధ్య ఉన్నవారిని, వారి కుటుంబాలను అడిగి ఈ వివరాలు సేకరించే వీలు ఇప్పటికైతే ఉంది. ప్రచురణకర్తలు పుస్తకం రెండో పేజీలో ఆ రెండు వరుసలు వేయాలనీ, ఇంటి పన్నుతోపాటు మనమంతా కట్టే గ్రంథాలయ పన్నుతో నడిచే జిల్లా గ్రంథాలయాలు ఆనాటి వార, మాసపత్రికల సంపుటాలను తూకానికి వేయకుండా ఉంచాలనీ, మీ పత్రిక కూడా ఇలాంటి పునర్ముద్రణలను సమీక్షించేటప్పుడు ధర, పేజీల సంఖ్య పక్కనే తొలి ప్రచురణ సంవత్సరం ఇవ్వాలనీ కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం