కొత్త ఎక్స్‌పాన్షన్‌లో డ్రాగన్ల గురించి ఫిర్యాదు

గేమ్ కథా విభాగానికి, కస్టమర్ సపోర్ట్ వారికి,

విషయం: మీ లోకం నియమాలకు విరుద్ధంగా డ్రాగన్లను చేర్చడం, అందుకోసం గేమ్‌లోని పాత గ్రంథాలను మార్చడం.

నమస్కారం.

మీ గేమ్‌ను మొదటి భాగం నుంచి ఆడుతున్నాను. కొత్త ఎక్స్‌పాన్షన్‌ను, అంటే గేమ్‌కు మీరు కొత్తగా చేర్చిన అదనపు కథాభాగాన్ని, విడుదలకు ముందే కొనుక్కున్నాను, ప్రధాన కథ మొత్తం పూర్తిచేశాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. డ్రాగన్ల రూపం, రెక్కల చప్పుడు, వాటితో జరిగే పోరాటాలు చాలా బాగున్నాయి. ఆ పని చేసినవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధల్లా మీరే కట్టిన లోకంలో వాటికి చోటు లేకపోవడం, చోటు చేయడానికి మీరు ఏ ప్రయత్నమూ చేయకపోవడం.

పాత యుద్ధం తర్వాత ఆకాశం మూసుకుపోయిందని మొదటి భాగంలోనే చెప్పారు. కోట బురుజు ఎత్తు దాటి ఏ ప్రాణి ఎగిరినా ఊపిరాడక పడిపోతుంది. ఇది ఏదో ఒక పుస్తకంలో ఓ మూల రాసి వదిలేసిన మాట కాదు, లోకమంతా దీని మీదే నడుస్తోంది. కోట గోడలు అంత మందంగా ఉంటాయి కానీ పైకప్పుల మీద కాపలా ఉండదు. పైకి గురిపెట్టే ఆయుధం ఏ ఊళ్లోనూ కనిపించదు. వార్తలు గుర్రాల మీదే వెళ్లాలి కాబట్టి రాజు చనిపోయిన సంగతి సరిహద్దుకు ఆలస్యంగా చేరుతుంది, ఆపాటికే అక్కడ జరగకూడని యుద్ధం జరిగిపోతుంది. కొండలు దాటడానికి ఒక్క కనుమే దారి కాబట్టి దాని కోసం రెండు వంశాలు తరతరాలుగా కొట్టుకు చస్తున్నాయి. ఎగరడం అనేది లేని లోకం ఎలా ఉంటుందో ఇంత ఓపిగ్గా ఆలోచించి కట్టిన గేమ్‌లు చాలా తక్కువ. మీరు ఆ పని చేశారు, అందుకే ఇన్నాళ్లూ మీ వెంట ఉన్నాను.

ఇక రెండో భాగంలోని ముట్టడి. నగరం చుట్టూ శత్రువులు, కొట్టుల్లో ధాన్యం అడుగంటింది, మిగిలినది ఎవరికి ఇవ్వాలో ప్లేయర్ తేల్చాలి. సైనికులకు ఇస్తే కింది వీధుల్లో పిల్లలు చనిపోతారు. పిల్లలకు ఇస్తే ఉత్తర ద్వారం పడిపోతుంది. ఏది ఎంచుకున్నా మనసు చివుక్కుమంటుంది. మీ గేమ్ ఆడిన ఎవరిని అడిగినా ముందు ఆ క్వెస్ట్ (ప్లేయర్ పూర్తిచేయాల్సిన కథాఘట్టం) గురించే చెబుతారు. ఆ నిర్ణయం అంత బరువుగా ఉండటానికి కారణం బయటి నుంచి సాయం వచ్చే దారి లేకపోవడమే.

ఇప్పుడు కొత్త ఎక్స్‌పాన్షన్ ఏమంటోంది? ఉత్తర కొండల్లో డ్రాగన్లు వేల ఏళ్లుగా ఉన్నాయట. ఆ నగర పాలకులతో వాటికి పాత ఒప్పందం కూడా ఉందట. మరి ముట్టడి రోజుల్లో అవి ఏమయ్యాయి? ఒక్క డ్రాగన్ రాత్రిపూట నాలుగు బస్తాలు దింపినా ఆ క్వెస్టే ఉండేది కాదు కదా! ఈ ప్రశ్న ఒక్క పాత్ర కూడా అడగదు. చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన గోడ పక్కనే డ్రాగన్ దిగి ప్లేయర్‌తో తీరిగ్గా మాట్లాడుతుంది. బిడ్డను పోగొట్టుకున్న రొట్టెలమ్మే ఆవిడ అదే వీధిలో నిలబడి, ఎప్పటిలాగే రొట్టెల ధర చెబుతుంది. అది చూశాక నేను గేమ్ ఆపేసి సపోర్ట్‌కు ఫిర్యాదు టికెట్ పెట్టాను.

ఇది ఫాంటసీ కాబట్టి ఏదైనా జరగవచ్చని మీ సపోర్ట్ నుంచి జవాబు వచ్చింది. దీన్ని నేను ఒప్పుకోను. నిజమైన లోకంలో నియమాలు ఎవరూ చెప్పకపోయినా ఉంటాయి. కల్పిత లోకంలో రచయిత పెట్టినవే ఉంటాయి. వాటిని కూడా రచయితే పట్టించుకోకపోతే ప్లేయర్ దేన్ని నమ్మి నిర్ణయం తీసుకోవాలి?

డ్రాగన్లు వద్దని నేను అనడం లేదు. వాటిని ఆలస్యంగా తెచ్చి కూడా చక్కగా ఇమిడ్చిన గేమ్‌లు ఉన్నాయి. 'ఎల్డర్ స్క్రోల్స్' సిరీస్ 1994లో మొదలైతే, డ్రాగన్లు కథకు కేంద్రమైంది 2011లో వచ్చిన 'స్కైరిమ్'లో. అందులో అవి అంతకాలం ఎందుకు లేవో చెప్పారు. పూర్వ వీరులు ఆల్డుయిన్ అనే డ్రాగన్‌ను కాలంలో ముందుకు విసిరేశారు, చచ్చిన డ్రాగన్లు మట్టిదిబ్బల కింద ఉన్నాయి, అతను తిరిగొచ్చి వాటిని లేపుతున్నాడు. ఆ దిబ్బలు మ్యాప్‌లో కనిపిస్తాయి, డ్రాగన్ల భాషలో చెక్కిన గోడలు శిథిలాల్లో ఉంటాయి. 2009 నాటి 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లో డ్రాగన్లు వేటకు బలై అంతరించాయని జనం అనుకుంటారు, అవి మళ్లీ కనిపించడంతో ఆ శతాబ్దానికే వాటి పేరు పెడతారు. 2012లో వచ్చిన 'గిల్డ్ వార్స్ 2'లో ఒక పెద్ద డ్రాగన్ లేస్తే, ఎప్పుడో మునిగిన ఓర్ భూమి సముద్రం నుంచి పైకి వస్తుంది, ఆ అలలకు లయన్స్ ఆర్చ్ నగరం మునిగిపోతుంది. డ్రాగన్ అంత పెద్ద ప్రాణి ఒక లోకంలోకి వస్తే ఆ లోకం మీద గుర్తు పడాలి. మీ కొత్త ఎక్స్‌పాన్షన్‌లో కాలిన చెట్టు కూడా లేదు. గొర్రెల మందలు పాత లోయలోనే, పాత సంఖ్యలోనే మేస్తున్నాయి.

రెండో టికెట్‌కు వచ్చిన జవాబు వేరు. పాత గ్రంథాలు రాసిన పాత్రలకు డ్రాగన్ల గురించి తెలిసి ఉండకపోవచ్చట. పుస్తకాల విషయంలో ఈ వాదన కొంతవరకు చెల్లుతుంది, చరిత్ర రాసేవాళ్లు పొరబడతారు, అబద్ధాలూ రాస్తారు. కానీ ముట్టడిని నేను పుస్తకంలో చదవలేదు, లోపల ఉండి చూశాను. బురుజు పైకి వెళ్లి పడిపోయిన పక్షులనూ చూశాను. లోతు గనుల క్వెస్ట్‌లో ఒక్కో పొర తవ్వుకుంటూ దిగితే రాక్షసుల ఎముకలు, సముద్రజీవుల ఎముకలు దొరుకుతాయి కానీ డ్రాగన్ ఎముక ఒక్కటీ దొరకదు. ఏ వంశం జెండా మీదా డ్రాగన్ బొమ్మ లేదు, ఏ జోలపాటలోనూ దాని ప్రస్తావన లేదు. వేల ఏళ్లు పక్కన బతికిన ప్రాణి జాడ పిల్లల పాటలోనైనా ఉండాలి కదా.

అసలు కోపం తెప్పించింది మరొకటి. నగర గ్రంథాలయంలో ఆకాశం గురించిన పుస్తకాలను మీరు కొత్త ప్యాచ్‌లో (గేమ్ అప్‌డేట్‌లో) చడీచప్పుడు లేకుండా మార్చేశారు. పాత సేవ్ ఫైల్ తెరిచినా మారిన పాఠమే కనిపిస్తోంది. 'ఏ ప్రాణీ ఎగరలేదు' అని ఉన్నచోట ఇప్పుడు 'చిన్న ప్రాణులు ఎగరలేవు' అని ఉంది. అప్‌డేట్ వివరాల్లో దీని ఊసే లేదు. అంటే ఇక్కడ తేడా ఉందని మీకు ముందే తెలుసు. దాన్ని సరిచేయకుండా సాక్ష్యాన్ని చెరిపేశారు. ఆ పుస్తకాలను నమ్మి వాటి ఆధారంగా కథలు, పటాలు, విశ్లేషణలు తయారుచేసుకున్న ప్లేయర్లందరినీ ఇది అవమానించడమే.

దారి మీ కథలోనే ఉంది. మూడో భాగం చివర ప్లేయర్ ముద్రశిలను పగలగొడతాడు, దాని ఫలితం ఏమిటో మీరు ఇంతవరకు చెప్పలేదు. ఆ దెబ్బకే ఆకాశం తెరుచుకుందని, డ్రాగన్లు అవతలి నుంచి మొదటిసారి ఇప్పుడే వచ్చాయని పెట్టండి. అప్పుడు పాత ఒప్పందాలు అక్కర్లేదు. జనం భయపడతారు, పైకప్పుల మీదికి కాపలా ఎక్కుతుంది, కనుమ విలువ పడిపోయి ఆ రెండు వంశాలు ఏం చేయాలో తోచక కూర్చుంటాయి. రొట్టెలమ్మే ఆవిడ తలెత్తి, ఇవి అప్పుడే వచ్చి ఉంటే నా బిడ్డ బతికేది కదా అని అడుగుతుంది. ఆ కథ ఆడటానికి నేను ఎంతైనా ఎదురుచూస్తాను.

డబ్బు వెనక్కి ఇమ్మని అడగడం లేదు. మార్చిన గ్రంథాలను పాత పాఠంతో తిరిగి పెట్టండి, మార్చినట్టు బహిరంగంగా చెప్పండి. పాత ఒప్పందానికి సంబంధించిన సంభాషణలు తీసేయండి, లేదా ముట్టడి నాడు డ్రాగన్లు ఎందుకు రాలేదో ఆ నగరం వాళ్ల చేతే గట్టిగా అడిగించి, జవాబు చెప్పించండి. ఈ ఉత్తరానికి సపోర్ట్ నుంచి ముందే రాసిపెట్టుకున్న జవాబు కాకుండా కథా విభాగం నుంచి జవాబు రావాలి. అది వచ్చేవరకు మీ తర్వాతి భాగాన్ని ముందుగా కొనను.

ఇట్లు,
మొదటి భాగం నుంచి మీ గేమ్ ఆడుతున్న ఒక ప్లేయర్