వాచీలో నెలవంక

తెనాలి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ మాట విని 19 రోజులైంది. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని నాకు తెలుసు గనుక అందుకోసం వ్రాయడం లేదు. నువ్వు పంపిన ఆపిల్ వాచీ డయల్ మీద టైముతో పాటు కనిపించేవన్నీ ఏమిటో ఇప్పటికి బోధపడిందని చెప్పడానికే వ్రాస్తున్నాను.

నా హెచ్ఎంటీ జనతాకు తేదీ గడి కూడా లేదు. గంటలు, నిమిషాలు కాక గడియారం అదనంగా ఏది చూపినా దాన్ని ‘కాంప్లికేషన్’ అంటారట. మొదటి నెల నాకవి నిజంగానే చిక్కులు. గుండె బొమ్మ దగ్గరి అంకె అప్పటికప్పటిది కాదని, కాసేపటి క్రితం కొలిచినదై ఉండవచ్చని తెలియక పెద్దత్తయ్యను ఊరికే భయపెట్టాను. కుడి మూల ఎండ తీవ్రత మొన్న మధ్యాహ్నం 11 చూపింది. అంటే గడప దాటకూడదన్నమాట, అయినా మీ అమ్మ వడియాల పళ్ళెంతో డాబా ఎక్కనే ఎక్కింది. ఎడమ మూల మీ డాలస్ టైము పెట్టుకున్నాను. ఫోను చేద్దామని అటు చూసినప్పుడల్లా నువ్వు ఆఫీసులోనో నిద్రలోనో ఉన్నావు.

అసలు పొరపాటు నెలవంక దగ్గర జరిగింది. బహుళ ఏకాదశి సాయంత్రం ఛార్జింగు ఎంత ఉందో చూద్దామని పక్క బటన్ నొక్కినప్పుడు వేలు దేనికి తగిలిందో, డయల్ పైన చిన్న నెలవంక వచ్చి కూర్చుంది. వాచీ చంద్రకళలు కూడా చూపిస్తుందని చదివి ఉన్నాను, పంచాంగం తీస్తే తిథితో సరిపోయింది కూడాను. అమావాస్య నాడూ అదే నెలవంక. శుద్ధ నవమి నాడూ అదే. నిన్న పున్నమి, ఆకాశంలో నిండు చంద్రుడు, చేతి మీద నెలవంక. గోపన్నగారి మనవడు చూసి పడిపడి నవ్వాడు. అది చంద్రుడు కాదట, ‘నన్ను కదిలించవద్దు’ అన్న గుర్తట. దానివల్ల ఫోనుకూ నోరు పడిపోయింది. మూడు నిమిషాల లోపల రెండోసారి చేసినవాళ్ళది మాత్రం మోగుతుందట; మన పెన్షనర్ల సంఘం వాళ్ళందరూ అటువంటివాళ్ళే గనుక నాకు అనుమానం రాలేదు. ఆ అబ్బాయి జాబితా తెరిచి చూపిస్తే అందులో నీ పేరు ఒకే ఒక్కసారి ఉంది, 12 రోజుల కిందట. రెండోసారి చేసి ఉండకూడదా తల్లీ?

ఇక రోజంతా ఎంత కదిలామో వాచీ లెక్కగట్టి చూపే ఆ మూడు వలయాలు. నీవి నాకు కనిపించేలా నువ్వే పెట్టి ఇచ్చావు. ఆకుపచ్చది 30 నిమిషాల వ్యాయామం, నీలం 12 గంటలు గంటకొక నిమిషమైనా లేచి తిరగడం. నీ నీలం వలయం వారంగా నాలుగు దగ్గరే ఆగిపోతోంది. వాచీ తీసి పక్కన పెడుతున్నావో, కుర్చీలోంచే లేవడం లేదో అది చెప్పదు. ఉపదేశం చేయకూడదనుకున్నాను గానీ, కౌంటరులో 31 ఏళ్ళు కదలకుండా కూర్చొని నడుము పోగొట్టుకున్నవాణ్ణి చెబుతున్నాను, గంటకొకసారి మంచినీళ్ళకైనా లేస్తే ఏ మేనేజరూ కాదనడు. పొద్దున ఏదో ఒకటి తిని వెళ్ళు. కాఫీ తిండి కాదు.

ఈ ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతానని గోపన్నగారి మనవడు అన్నాడు. నెలవంక తీసేశాడు. ఈ రాత్రి మాకు తొమ్మిదిన్నర అయ్యేసరికి నీకు పగలు పదకొండు, పైగా ఆదివారం. అమ్మ గోంగూర పచ్చడి కలిపి ఉంచింది. నీ ఇంటి చిరునామా అదేనా, మారిందా?

నాన్న