మా తాతగారి కోసం వచ్చిన వారందరికీ కృతజ్ఞతలు

విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక బట్టల కొట్టులో 43 ఏళ్లపాటు సేల్స్‌మన్‌గా పనిచేసి, ఇరవై ఏళ్ల క్రితం విశ్రాంతి తీసుకున్న మా తాతగారు గత నెలలో, తమ 82వ ఏట, కన్నుమూశారు. పెద్దకర్మ ముగిసి వారం దాటింది. ఈ రోజుల్లో ఎవరెవరు ఏమేం చేశారో అమ్మమ్మా నేనూ కూర్చుని గుర్తు చేసుకుంటే, ఇంటింటికీ వెళ్లి చెప్పిరావడం మా వల్ల అయ్యే పని కాదని తేలింది. పైగా వచ్చినవారిలో సగం మంది పేర్లు మాకు తెలియవు. వాళ్లకు మాత్రం మా తాతగారు తెలుసు. అందుకే కుటుంబం తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజుల్లో రెండుసార్లు రక్తం ఎక్కించవలసి వచ్చింది. మా వీధి చివర గదిలో అద్దెకుంటున్న ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు కబురు అందిన గంటలో వచ్చి ఇచ్చి, కనీసం కాఫీ అయినా తాగకుండా పరీక్ష ఉందని వెళ్లిపోయారు. వారికి మా నమస్కారాలు.

రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ గారి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఆరో రోజున కాస్త తేరుకున్న తాతగారు మొట్టమొదట చేసిన పని, మంచం మీది దుప్పటి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూడడం. "మరమగ్గం గుడ్డ, 20వ నంబరు నూలు, ఇంకో పది ఉతుకులకు పిగులుతుంది" అన్నారు. ఆవిడ నవ్వి, తన పెళ్లినాటి గద్వాల చీరను ఫోన్‌లో చూపించి ఎలా ఉందని అడిగారు. ఫోటోలో చీర ఏం తెలుస్తుందమ్మా, చేత్తో పట్టుకోవాలి అన్నారు తాతగారు. మర్నాడు ఆవిడ నిజంగానే ఆ చీరను సంచిలో పెట్టుకుని తెచ్చారు. తాతగారు దాన్ని తిరగేసి, నూలు ఒంటికి పట్టు అంచు కలిసేచోట వేలు ఆనించి, అది కుట్టు కాదనీ, రెండు రకాల దారాలనూ నేతలోనే ఒకదానికొకటి లంకె వేశారనీ చెప్పి, మడత ఎప్పటికప్పుడు మార్చకపోతే జరీ ఆ గీత వెంబడే విరిగిపోతుందని హెచ్చరించి, సెలైన్ సూది ఉన్న చేత్తోనే కొత్త మడత పెట్టి ఇచ్చారు. ఆ అరగంట ఆయన ఆసుపత్రిలో ఉన్నట్టే లేరు. అమ్మా, మీకు ఏమిచ్చినా రుణం తీరదు.

తాతగారు 1961లో, 18 ఏళ్ల వయసులో కొట్టులో చేరారు. దేశం గజాల నుంచి మీటర్లకు మారుతున్న రోజులవి. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చి అప్పటికి నాలుగేళ్లే. పల్లెల నుంచి వచ్చినవారికి రెండు లెక్కలూ కొత్తే కావడంతో, ధర పెంచారని గొడవ పడేవారట. గజానికి 36 అంగుళాలు, మీటరుకు 39 అంగుళాల పైచిలుకు, కాబట్టి గజం రూపాయి పలికే గుడ్డ మీటరు రూపాయి తొమ్మిది పైసలైతే పెంచినట్టు కాదని, పాత బద్దనూ కొత్త బద్దనూ పక్కపక్కన పెట్టి చూపించేవారట. ఇంత చెప్పాక కూడా కొలత పూర్తయిన తరువాత నాలుగు వేళ్ల వెడల్పు కొసరు వదిలి కత్తెర పెట్టేవారు. కొసరు వెయ్యని బేరాన్ని మా అమ్మమ్మ ఈనాటికీ బేరమనే ఒప్పుకోదు.

కొట్టు నిండా ట్యూబులైట్లే. ఆ వెలుతురులో నెమలికంఠం రంగు ఒకలా, ఎండలో మరొకలా కనిపిస్తుంది. అందుకని తాతగారు, కొనేవాళ్లు అడగకపోయినా, చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుగులో విప్పి చూపించేవారు. అక్కడ చూసి వద్దనుకుని వెళ్లిపోయినవారూ ఉన్నారు. యజమాని విసుక్కుంటే, "ఇక్కడ వద్దన్నావిడ మళ్లీ వస్తుంది, ఇంటికెళ్లి చూసుకుని తిట్టుకున్నావిడ రాదు" అనేవారట. చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని ఏ పెద్ద షోరూముకు వెళ్లినా ఆయన అలాగే బట్టను పట్టుకుని బయటికి నడిచేవారు. కాపలా మనిషి వెనకే పరుగెత్తుకొచ్చేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. ఇప్పుడు అదే పని నేనూ చేస్తున్నాను.

కళ్లు దానం చేయాలని ఆయన ఎప్పుడో చెప్పారు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి ఇక పనికిరావని మేమే అనుకున్నాం. ఇంటికి తెచ్చిన మూడో రోజు రాత్రి ప్రాణం పోయినప్పుడు, మాకు ఏమీ తోచని ఆ స్థితిలో, పక్కింటి మాస్టారు గారే కల్పించుకుని, శుక్లాల ఆపరేషన్ అడ్డు కాదనీ, కంటిముందు ఉండే నల్లగుడ్డు పొర బాగుంటే చాలనీ, ఆరు గంటల్లోపు తీసుకోవాలనీ చెప్పి నేత్రనిధికి ఫోన్ చేశారు. ఫ్యాను ఆపించి, తలకింద దిండు ఎత్తు పెట్టించి, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచింది కూడా ఆయనే. రాత్రి రెండు గంటలకు వచ్చిన ఇద్దరు సిబ్బంది అరగంటలోపే పని ముగించారు. ముఖంలో ఏ తేడా కనిపించలేదు. వెళ్లేముందు వారు మా అమ్మమ్మకు చేతులు జోడించడం నేను మరచిపోలేను. ఎవరికి అమర్చారో చెప్పరు, మేమూ అడగలేదు.

తెల్లవారితే స్వర్గపురి శ్మశానానికి బయలుదేరాలి, కొత్త బట్ట కావాలి. నిజాం అంచు మంగళగిరి పంచె తప్ప ఆయన ఇంకోటి కట్టి ఎరగరు. ఆ సంగతి తెలిసిన పాత సహోద్యోగి ఒకరు, తామూ డెబ్బై దాటినవారు, తెల్లవారుజామున యజమాని ఇంటికి వెళ్లి తాళాలు తెచ్చి, షట్టరు ఎత్తించి, పంచె, ఉత్తరీయం పట్టుకొచ్చారు. డబ్బు ఇవ్వబోతే యజమాని గారి అబ్బాయి తీసుకోలేదు. పంచె విప్పి చూస్తే అంచు పొడవునా, నేసేటప్పుడు గుడ్డ వెడల్పు ముడుచుకోకుండా పట్టి ఉంచే కర్ర మేకుల సన్నటి బెజ్జాలు ఉన్నాయి. చేమగ్గం గుడ్డకు అదే గుర్తని తాతగారే నాకు నేర్పారు. చూసి తెచ్చారన్నమాట.

పెద్దకర్మ నాడు కొందరు వచ్చి, తమ ఆడపిల్లల పెళ్లిళ్లకు తాతగారు పూచీ ఉండి అరువు ఇప్పించారనీ, మిగిలిపోయిన బాకీ ఇప్పుడైనా తీసుకోమనీ అన్నారు. దయచేసి ఆ ఆలోచన పెట్టుకోవద్దు. ఆయన పుస్తకంలో ఎవరి పేరు మీదా బాకీ రాసి లేదు.

పదకొండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వంతులు వేసుకుని భోజనం పంపిన వీధివారందరికీ అమ్మమ్మ ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమంది. నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు ఒకటి మా దగ్గరే ఉండిపోయింది, పైమూత మీద చిన్న సొట్ట ఉంది. ఎవరిదో చెబితే తెచ్చి ఇస్తాను.