పది ఆల్బమ్‌లు సరే, ముందు ఏది వినాలి?

సంపాదకుల వారికి,

ఎలక్ట్రానిక్, డ్యాన్స్ సంగీతం కొత్తగా వినాలనుకునేవారి కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన పది ఆల్బమ్‌ల జాబితా బాగుంది. ఎంపికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా వరసతోనే. సంవత్సరాల ప్రకారం పేర్చారు కాబట్టి కొత్తవాళ్ల చేతికి ముందుగా వచ్చేది జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1974లో తెచ్చిన 'ఆటోబాన్'. అందులో మొదటి పాటే 22 నిమిషాల పైచిలుకు, రికార్డులో ఒక వైపంతా అదే. పల్లవి, రెండు చరణాలు, నాలుగున్నర నిమిషాలకు అలవాటుపడ్డ చెవి ఐదో నిమిషంలోనే ఆపేస్తుంది. మిగతా తొమ్మిదింటి జోలికి ఇక ఎవరూ వెళ్లరు.

ఆల్బమ్ కంటే ముందు చూసుకోవాల్సింది వినే సాధనం. ఫోన్ స్పీకర్‌లో ఈ సంగీతం సగం వినపడదు. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లోని కిక్, అంటే దరువులోని బరువైన దెబ్బ, 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) చుట్టుపక్కల మోగుతుంది. ఫోన్‌లోని బుల్లి స్పీకర్ రెండు మూడు వందల హెర్ట్జ్ కిందికి దిగలేక చేతులెత్తేస్తుంది. దాంతో మిగిలేది పైన టిక్కుటిక్కుమనే హై-హ్యాట్ తాళం ఒక్కటే. 'ఒకటే గోల, తలనొప్పి' అనేవాళ్లలో చాలామంది విన్నది ఆ పై సగమే. అలాగని ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనక్కర్లేదు, చెవిలో బిగుతుగా కూర్చునే మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. రబ్బరు తొడుగు వదులైతే బాస్, అంటే అడుగు స్వరాలన్నీ, బయటికే పోతుంది కాబట్టి, డబ్బాలో ఇచ్చిన సైజులన్నీ వేసి చూసుకోవాలి. పరీక్షకు బ్రిటన్ బృందం మాసివ్ అటాక్ వాళ్ల 'మెజనైన్' (1998)లో మొదటి పాట 'ఏంజెల్' పెట్టండి. మొదటి నిమిషంలో అడుగున బరువుగా కదిలే బాస్ చెవికి తగలాలి. డ్రమ్ము మాత్రమే వినిపిస్తే తొడుగు మార్చండి. యాప్‌లో షఫుల్ (పాటల వరస కలిపేయడం), క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేయడం) రెండూ ఆపేయాలి. బాస్ బూస్ట్ కూడా వద్దు, అది ఉన్న బాస్‌ను బురద చేస్తుంది.

ఇక డీజే అనే మాట. మన దగ్గర డీజే అంటే పెళ్లి ఊరేగింపులోనో నిమజ్జనంలోనో బండి మీద పేర్చిన బాక్సులు, వాటిలో సినిమా పాటకు తగిలించిన దరువు. అక్కడ పాట ముందు, దరువు తర్వాత. ఈ సంగీతంలో దరువే పాట. అందుకే 'ఇంతసేపైనా పాట మొదలవదేంటి' అన్న విసుగు వస్తుంది. చాలా డ్యాన్స్ ట్రాకుల్లో మొదటి నిమిషం ఉత్త డ్రమ్సే ఉండటానికి కారణం వేరే ఉంది. డీజే అయిపోతున్న పాట చివర మీద కొత్త పాట మొదలును ఎక్కించి, రెండు దరువులనూ కలపాలి. ఆ కలపడానికి వదిలిన జాగా అది. ఇంట్లో వినేవాళ్లు దాన్ని దాటేసినా పాపం లేదు.

చెవికి దారి చూపడానికి ఆల్బమ్‌తో కాకుండా ఒక్క పాటతో మొదలుపెట్టడం మేలు. ఫ్రాన్స్ జంట డాఫ్ట్ పంక్ 1997లో తెచ్చిన 'హోమ్‌వర్క్'లోని 'అరౌండ్ ద వరల్డ్' అందుకు సరిగ్గా సరిపోతుంది. ఏడు నిమిషాల పాటలో ఉన్నది ఆ మూడు మాటలే, అవే 144 సార్లు వస్తాయి. దీన్ని ముందు వినొద్దు, చూడండి. మిషెల్ గోండ్రీ తీసిన వీడియోలో ఒక్కో నర్తకుల గుంపు ఒక్కో వాయిద్యం. గుండ్రంగా నడిచే రోబోలు గొంతు. మెట్లెక్కి దిగే క్రీడాకారులు బాస్ గిటార్, స్వరం పైకి పోతే ఎక్కుతారు, కిందికొస్తే దిగుతారు. డిస్కో అమ్మాయిలు కీబోర్డు, అస్థిపంజరాలు గిటార్, కట్లు చుట్టుకున్న మమ్మీలు డ్రమ్ మెషీన్. మొదటిసారి మమ్మీలనే చూడండి, రెండోసారి మెట్లెక్కేవాళ్లను. మూడోసారి కళ్లు మూసుకుంటే ఐదు పొరలూ విడివిడిగా వినిపిస్తాయి. కోలాటంలో లోపలి వలయం ఒకలా, బయటి వలయం ఇంకొకలా తిరుగుతున్నా పాట ఒక్కటే అయినట్టు.

ఆ తర్వాత దరువులు లెక్కపెట్టడం. నాలుగేసి చొప్పున ఎనిమిది సార్లు, అంటే 32. నిమిషానికి 120 దరువుల పాటలో ఇది 16 సెకన్లు. కొత్త వాయిద్యం చేరడం, ఉన్నది తప్పుకోవడం చాలావరకు ఈ మలుపుల్లోనే జరుగుతుంది. లెక్క కుదిరాక మార్పు ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది. ఆ ఎదురుచూపే ఈ సంగీతంలోని రుచి. అయితే 'హోమ్‌వర్క్' మొత్తం ఇప్పుడే వద్దు. ఈ పాట వెనకే వచ్చే 'రోలిన్ అండ్ స్క్రాచిన్' ఏడు నిమిషాలకు పైగా రంపం పెట్టి కోసినట్టుంటుంది. పాట బాగుంది కదా అని ఆల్బమ్‌ను ఆపకుండా అలాగే నడవనిచ్చినవాళ్లు అక్కడే దడుచుకుంటారు.

మొదటి పూర్తి ఆల్బమ్‌గా అదే క్రాఫ్ట్‌వెర్క్ 1981లో తెచ్చిన 'కంప్యూటర్ వరల్డ్' ఇవ్వాలి. దాదాపు 34 నిమిషాలు, ఏడు పాటలు, ఒక్కటీ అనవసరంగా సాగదు. 'నంబర్స్'లో సాహిత్యమంటూ లేదు, రకరకాల భాషల్లో అంకెలు చదువుతారు. అది ఆగకుండా తర్వాతి పాటలోకి జారిపోతుంది. షఫుల్ ఆపమన్నది ఇందుకే.

రెండోది డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ' (2001). అందులో గొంతులున్నాయి, రాగాలున్నాయి, సినిమా పాట అలవాటున్నవాళ్లకు ఎక్కడా ఇబ్బంది ఉండదు. 'వన్ మోర్ టైమ్' మధ్యలో డ్రమ్ము చాలాసేపు మాయమై, గొంతు ఒక్కటే మిగులుతుంది. పాట అయిపోయిందనుకుని తీసేయకండి. ఆ దరువు తిరిగొచ్చే క్షణం కోసమే అంత ఖాళీ పెట్టారు.

మూడోదిగా నేను సూచించే పేరు మీ జాబితాలో లేదు, ఉండాల్సింది. హిందీ సినిమా పాటల రికార్డింగుల్లో వాయించిన బొంబాయి సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువు మీద సింథసైజర్లతో (ఎలక్ట్రానిక్‌గా స్వరాలు పుట్టించే వాయిద్యాలతో) వాయించి, 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' పేరుతో రికార్డు చేశారు. వాడినవి రోలాండ్ జూపిటర్-8, టీఆర్-808, టీబీ-303. బాస్ గిటారిస్టు లేని లోటు తీర్చడానికి తయారుచేసిన ఆ 303 పెట్టెను అమెరికాలోని షికాగో కుర్రాళ్లు మెలితిప్పి, 'ఆసిడ్' అనే కొత్త బాణీ పుట్టించిన రికార్డు బయటికొచ్చింది 1987లో. అప్పటికి ఐదేళ్ల ముందే బొంబాయిలో అదే పెట్టె మీద భైరవి పలికింది. రికార్డును ఆనాడు పట్టించుకున్నవాళ్లు లేరు, 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం చెవి పెట్టింది. తెలుగువాళ్లకు ఇందులో ఇంకో వెసులుబాటుంది. భూపాలి అంటే మన మోహన, మాల్కౌన్స్ అంటే హిందోళం, యమన్ అంటే ఇంచుమించు కల్యాణి. స్వరాలు తెలిసినవే కాబట్టి చెవి ధైర్యంగా దరువు మీద నిలబడుతుంది.

ఆ తర్వాత ఇక ఏ క్రమమైనా ఫరవాలేదు. రాత్రి పూట నెమ్మదిగా వినడానికి ఏఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ 85–92' బాగుంటుంది. దాని పేరు చూసి రెండో సంపుటం తెరవకండి. అందులో దరువు దాదాపు ఉండదు, కొత్తవాళ్లకు ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. లండన్‌వాడైన బరియల్ 2007లో తెచ్చిన 'అన్‌ట్రూ'లో పైన చెప్పిన 32 లెక్క సరిగ్గా కుదరదు. ఆయన డ్రమ్ములను కంప్యూటర్‌లో సమానంగా గీసిన గళ్ల మీద పేర్చకుండా, ధ్వని తరంగాన్ని కంటితో చూస్తూ సౌండ్ ఫోర్జ్ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అతికించాడు. అందుకే అవి కాస్త తూలుతూ నడుస్తాయి.

ఇంకో మాట. షికాగో హౌస్, డెట్రాయిట్ టెక్నో అనే అమెరికా డ్యాన్స్ బాణీలు ఆల్బమ్‌ల కోసం పుట్టినవి కావు. వాటి ఇల్లు 12 అంగుళాల సింగిల్ రికార్డు. ఒక వైపు ఒకే పాట ఉంటే గాడి వెడల్పుగా పడుతుంది, బాస్ గట్టిగా మోగుతుంది. ఆల్బమ్‌లే ఏరుకుంటూ పోతే ఈ రెండు ఊళ్లూ జాబితాలోంచి జారిపోతాయి, మీ జాబితాలో జారిపోయాయి కూడా. వాటికి సంకలనాలో డీజే మిక్సులో ఇవ్వాలి. 1988లో వచ్చిన 'టెక్నో! ద న్యూ డ్యాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' ఒకటి, డెట్రాయిట్ డీజే జెఫ్ మిల్స్ టోక్యోలో వాయించిన 'లైవ్ ఎట్ ద లిక్విడ్ రూమ్' ఇంకొకటి. రెండోది బాగా వేగం, ఆరేడు ఆల్బమ్‌లు విన్నాకే దాని జోలికి వెళ్లాలి.

జాబితా మళ్లీ వేసేటట్లయితే ప్రతి పేరు పక్కన నిడివి కూడా వేయండి. 'కంప్యూటర్ వరల్డ్' దాదాపు 34 నిమిషాలు, 'అన్‌ట్రూ' 50, 'డిస్కవరీ' గంట, 'హోమ్‌వర్క్' గంటా పావు. ఆఫీసుకు బస్సెక్కినవాళ్లు ఏది తెరవాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ