తొమ్మిది చీలికల గ్రిల్ వెనక పౌర జీపు

సంస్థ మేనేజర్ గారికి,

విషయం: 1944 నాటి సైనిక వాహనమని చెప్పి అమ్మిన జీపు గురించి.

అయ్యా,

గత నెల మీ దగ్గర కొన్న జీపు రసీదులోనూ, మీరిచ్చిన ధ్రువపత్రంలోనూ ‘విల్లీస్ ఎంబీ, 1944, సైన్యం వాడినది’ అని ఉంది. అది ఎంబీ కాదు. పౌరుల కోసం తయారైన సీజే-2ఏ. ఆ మోడల్ తయారీ మొదలైందే 1945 జులైలో. అంటే అప్పటికి పుట్టని బండికి మీరు యుద్ధంలో కొలువు చేసినట్టు పత్రం రాసిచ్చారు.

ఫోను చేస్తే మీ ఉద్యోగి, బండి ముందున్న రేకు జాలీ, అదే గ్రిల్, దాని చీలికలు లెక్కపెట్టుకోమన్నారు. లెక్కపెట్టాను, తొమ్మిదే. ఎంబీకి తొమ్మిది, సీజే-2ఏకు ఏడు అన్నదీ నిజమే. కానీ గ్రిల్ బోల్టులతో బిగించే రేకు, ఎవరైనా మార్చుకోవచ్చు. పార, గొడ్డలి అమర్చే గుంటలు పక్కన ఉన్నాయి కదా అని కూడా అన్నారు. తొలినాటి సీజే-2ఏలకూ ఆ గుంటలు ఉండేవి. ఈ సంగతి మీవంటి వ్యాపారులకు నేను చెప్పవలసి రావడం విచిత్రం.

అందుకే సులువుగా మార్చలేని చోట్లు వెతికాను. ఎంబీలో పెట్రోలు పోయాలంటే డ్రైవరు సీటు ఎత్తాలి, ట్యాంకు మూత దాని కిందే ఉంటుంది. సీజే-2ఏకు బయటి నుంచే పోస్తారు. నా బండి ఎడమ పక్క రేకులో, సరిగ్గా ఆ చోట, గుండ్రని అతుకు ఉంది. ఎంబీకి వెనక తలుపు ఉండదు, స్టెప్నీని ఆ వెనక రేకుకే తగిలిస్తారు. నా బండికి తలుపు ఉండేది. దాన్ని వెల్డింగ్‌తో మూసి, పుట్టీ పూసి, ఆపైన స్టెప్నీ బిగించారు. మొదటి వానకే పుట్టీ పెచ్చులూడింది.

అప్పటికీ అనుమానం మిగలకూడదని వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, ఒకేసారి ఒక్క చుట్టు తిప్పించాను. చక్రాలు ఒక్క చుట్టు తిరిగితే, వాటికి శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పేది డిఫరెన్షియల్ నిష్పత్తి. ఎంబీకి అది 4.88, కనుక షాఫ్ట్ ఐదు చుట్లలోపే ఆగాలి. ఇది ఐదు దాటి మరో మూడో వంతుకు పైగా తిరిగింది. సీజే-2ఏ నిష్పత్తి 5.38.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఈ బండి నక్కేమీ కాదు, పొలం పనులకు పుట్టిన మంచి బండి. వాతలు పెట్టింది మీ వర్క్‌షాపు. సీజే-2ఏ అని చెప్పి అమ్మి ఉంటే ఆ ధరకు సంతోషంగా కొనేవాణ్ణి.

మీ ఖర్చుతో బండిని వెనక్కి తీసుకుని మొత్తం సొమ్ము చెల్లించండి. లేదా రెండు మోడళ్ల ధరల మధ్య తేడా తిరిగి ఇచ్చి, అసలు మోడల్ పేరుతో పత్రాలు మార్చి ఇవ్వండి. ఏది చేస్తారో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. అతుకుల ఫొటోలు జతచేశాను. ఊడిన పుట్టీ పెచ్చులు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ వినియోగదారుడు