బూతు లేకపోతే ధైర్యం లేనట్టా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో స్టాండప్ కామెడీ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అది వచ్చి చాలా రోజులైందని తెలుసు. ఎవరో ఒకరు జవాబు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. పైగా మొన్న అదే ధోరణిలో ఇంకోటి వేశారు. ఇక ఉండబట్టలేకపోయాను.

బూతుల్లేకుండా నవ్వించేవాళ్లంతా స్పాన్సర్లకు భయపడి నోరు కట్టేసుకున్నవాళ్లని మీ రచయిత తేల్చేశారు. ఆ తేల్చడానికి ముందు మైక్ పట్టుకునే వాళ్లనెవరినైనా అడిగారా? జోక్ తేలిపోతోందని అర్థం కాగానే చాలామంది చేసే పని ఒక బూతు వదలడం. జనం ఉలిక్కిపడతారు, ఆ ఉలికిపాటే నవ్వుగా బయటికొస్తుంది, గండం గడుస్తుంది. క్లీన్‌గా చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. పంచ్ పేలకపోతే ఆ నిశ్శబ్దంలో అలాగే నిలబడాలి. ఇంటికెళ్లి సెటప్, అంటే పంచ్‌కు దారితీసే ముందుమాటలు, మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. పిరికివాడు పెట్టుకునే పనేనా ఇది?

బూతు లేకుండా నవ్వించిన అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ పేరు మీ వ్యాసంలో ఒక్కచోటా లేదు. అకౌంటెంటుగా పనిచేసి హాస్యంలోకి వచ్చిన మనిషి. స్టేజీ మీద ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. అవతలివాళ్ల మాటలు మనకు వినపడవు, ఈయన జవాబుల్ని బట్టి మనమే ఊహించుకోవాలి. అలాంటి ఒక జోక్‌లో ఓ ప్రచార సలహాదారు అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌తో ఫోన్లో మాట్లాడుతూ, ఆయన ప్రసిద్ధ గెటిస్‌బర్గ్ ప్రసంగంలో మాటలు మార్చొద్దని, గడ్డం తీసేయొద్దని బతిమాలుతుంటాడు. ఎన్నికల ప్రచార వ్యాపారాన్ని ఇంతకంటే గట్టిగా ఉతికిన బూతు జోక్ ఒకటి మీ రచయిత చూపిస్తే ఒప్పుకుంటాను. 1960లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. పాటల ఆల్బమ్‌లను పక్కకు నెట్టి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ సంగీత పురస్కారం కూడా గెలిచింది. తడబడుతూ, మర్యాదగా మాట్లాడే మనిషి సాధించాడు ఇదంతా.

పాతకాలం ముచ్చట అంటారేమో. బూతు వాడని మరో అమెరికన్ కమెడియన్ నేట్ బర్గాట్జీ ఇప్పటివాడే కదా. 2023లో నాష్‌విల్‌లోని బ్రిడ్జ్‌స్టోన్ అరీనాలో ప్రేక్షకుల హాజరు రికార్డు తిరగరాశాడు, 2025లో టీవీ రంగానికిచ్చే ఎమ్మీ అవార్డుల సభ నడిపాడు. అదే కోవకు చెందిన జిమ్ గాఫిగన్ అయితే ఇంకా తమాషా. షో మధ్యలో సన్నటి గొంతు పెట్టి, తన జోకులు నచ్చని ప్రేక్షకురాలిలా తనమీద తనే సణుక్కుంటాడు. జనాన్ని గేలి చేయకుండానే జనం మనసులో మాట స్టేజీ మీదికి తెచ్చేశాడు. ఇది రాయడానికి ఎంత బుర్ర కావాలో మీ రచయితకు తట్టలేదు.

అలాగని క్లీన్ కామెడీ చేసేవాళ్లంతా పుణ్యపురుషులని నేననడం లేదు. తోటివాళ్ల బూతుల మీద పాఠాలు చెప్పిన అమెరికన్ కమెడియన్ బిల్ కాస్బీని 2018లో లైంగిక దాడి కేసులో కోర్టు దోషిగా తేల్చింది. ఆ తీర్పును 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు కొట్టేసిందనుకోండి. శుభ్రత అనేది జోక్‌కు ఇచ్చే సర్టిఫికెట్, మనిషికి కాదు.

ఆ సర్టిఫికెట్టయినా సరిగ్గా ఇస్తున్నారా అంటే అదీ లేదు. 'కుటుంబ సమేతంగా చూడండి' అన్న పోస్టర్ నమ్మి ఒక షోకు మా అత్తగారిని తీసుకెళ్లాను. నిజమే, బూతు మాట ఒక్కటీ లేదు. ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ లావు మీద మాత్రం అదేపనిగా జోకులు. తర్వాత పెళ్లాల మీద, ఆ తర్వాత నత్తి ఉన్నవాళ్ల మీద. మధ్యమధ్యలో పిల్లలకు అర్థం కావనుకున్న డబుల్ మీనింగులు. మా అత్తగారికి అన్నీ అర్థమయ్యాయి. నిర్వాహకులను నిలదీస్తే, "బూతులేం లేవు కదండీ, క్లీనే" అన్నారు! తిట్టు మాట తీసేసి అవమానాన్ని అలాగే ఉంచితే క్లీన్ అయిపోతుందట.

ఇలాంటివి ఏ అధికారికీ కనపడవు. టికెట్ వెనక వయసు సూచన చీమంత అక్షరాల్లో ఉన్నా ఎవరికీ పట్టదు. అదే ఏ కమెడియనో పెద్దమనిషి మీద జోకేసిన ముక్క సెల్‌ఫోన్లలో తిరిగిందంటే చాలు, షో చూడనివాళ్లే ముందు ఫిర్యాదు చేస్తారు. వెంటనే నోటీసులు, హాలు రద్దు. అమెరికాలోనూ ఇదే జరిగింది: కమెడియన్ లెన్నీ బ్రూస్‌ను 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అశ్లీలం పేరిట అరెస్టు చేశారు, 1964లో న్యూయార్క్‌లో శిక్ష వేశారు. 2003లో న్యూయార్క్ గవర్నర్ క్షమాభిక్ష ప్రకటించేనాటికి ఆయన పోయి 37 ఏళ్లు. ప్రభుత్వాలకు జోక్ అర్థం కావడానికి పట్టే సమయం అది. కాబట్టి నేను అడుగుతున్నది నిషేధం కాదు. బూతు కామెడీ చేసుకునేవాళ్లను చేసుకోనివ్వండి, చూసేవాళ్లను చూడనివ్వండి. ఏది ఏదో ముందే చెప్పండి చాలు.

ఆ చెప్పడం మీ పత్రికతోనే మొదలవ్వాలి. నిర్వాహకులు పంపిన ప్రకటనను కామా కూడా మార్చకుండా 'నవ్వుల విందు' అని అచ్చేస్తున్నారు. షో చూసి సమీక్ష రాసే పద్ధతి ఏమైపోయింది? సినిమా తారల పెంపుడు కుక్కలకు దొరికే చోటు దీనికి దొరకదా? కార్యక్రమాల కాలమ్‌లో ప్రతి షో కింద అది ఏ వయసువారికి, బూతులున్నాయా, ముందు వరుసలో కూర్చున్నవాళ్లను ఆటపట్టిస్తారా అన్నది ఒక్క ముక్క రాయండి. ఆ వ్యాస రచయిత గారిని కూడా ఒక మంచి క్లీన్ షోకు పంపి, ఆ తర్వాత రెండో వ్యాసం రాయించండి. ఈసారి జవాబు రాయడానికి ఇంత ఆలస్యం చేయను.

ఇట్లు,
మీ పాఠకురాలు